చేతిలో మిగిలిన చీటీ

(‘ఎనభై ఒకటి’ నవల - పదిహేడో భాగం)

కిందటి వారం ప్రత్యూషను తెనాలి స్టేషన్లో, రేపల్లె ప్యాసింజరు ఎక్కుతుండగా వదిలిపెట్టాం. ఒళ్లో స్టీలు డబ్బా, నిద్రలేక ఎర్రబడిన కళ్లు, మనసులో ఒకే ఒక్క అంకె. ఆ డబ్బా సంగతి మరిచిపోయినవాళ్ల కోసమూ, ఈ పేజీ మొదటిసారి తిప్పుతున్నవాళ్ల కోసమూ ఒక్క నిమిషం ఆగుదాం. బండి వేమూరు దాటేదాకా ఎలాగూ ఆ పిల్లకు చేసేదేమీ లేదు.

పిల్ల అన్నానేగానీ ఆమెకు ముప్పై నాలుగేళ్లు. తెనాలిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెబుతుంది. నలుగురిలో చెప్పే రాజకీయమూ మనసులో ఉన్న రాజకీయమూ ఒకటేనా అన్నది ఆమె పరిశోధన. దానికి తగ్గ తగువు ఇంటి ముందరే దొరికింది. రేపల్లెను బాపట్ల జిల్లాలోంచి తీసి, తెనాలి కేంద్రంగా పెట్టబోయే కొత్త జిల్లాలో కలపాలని ఊళ్లో ఉద్యమం లేచింది. లాటరీ తీసి ఎంచుకున్న ఆరువందల పన్నెండు ఇళ్లకు ప్రత్యూష వెళ్లింది. ఇంటికొకరిని, ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగింది. మొదటిసారి నోటితో చెప్పించి రాసుకుంది. రెండోసారి ఒక గులాబీ చీటీ, ఒక తెల్ల చీటీ చేతిలో పెట్టి, తను గోడవైపు తిరిగి నిలబడింది. జిల్లా మారాలనుకుంటే గులాబీ, అక్కర్లేదనుకుంటే తెల్లది, తాళం వేసిన డబ్బాలో వెయ్యాలి. రెండో చీటీ వాళ్ల దగ్గరే మిగిలిపోతుంది. పొయ్యిలో వేసుకుంటారో, చెవిలో తిప్పుకుంటారో వాళ్లిష్టం. డబ్బాకు కంత చూసి హుండీ అనుకుని కొందరు ఆడవాళ్లు చీటీని కళ్లకద్దుకుని మరీ వేశారు.

నోటి మాటల లెక్క ముందు తేలింది. నూటికి ఎనభై ఒక్క మంది మారాలన్నారు. బాపట్లలో ఉండే ఆమె గైడు ఈశ్వరప్రసాద్ గారు, డబ్బా తెరిచి రెండూ పక్కపక్కన పెట్టి చూసేదాకా ఒక్క అంకె కూడా బయటికి పోకూడదని చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. ఆమె వినలేదు. ఒకప్పుడు రేపల్లె కాలేజీలో తనకు పాఠం చెప్పిన శివరామయ్య మాస్టారు ఫోన్ చేసి, “ఎంతొచ్చిందమ్మా?” అని అడిగితే, ఆయన అడిగాడన్న సంబరంలో “ఎనభై ఒకటండీ!” అనేసింది. సగం పని మిగిలే ఉందన్న సంగతి మాత్రం చెప్పలేదు. ఆ తర్వాత నాలుగో రోజున, డెబ్బై ఒక్క ఏళ్ల శివరామయ్య మాస్టారు రేపల్లె బస్టాండు ఎదురుగా టెంటులో ఆమరణ దీక్షకు కూర్చున్నాడు.

ఇవాళ తొమ్మిదో రోజు. నిన్న బాపట్లలో గైడు గారింట డబ్బా తాళం తీశారు. గులాబీ చీటీలు నూటికి ఇరవై మూడు. మిగిలినవన్నీ తెల్లవే.

అదీ సంగతి. బండి భట్టిప్రోలు కూడా దాటింది. ఇక రేపల్లెలో దిగుదాం.

టెంటు దూరం నుంచే వినిపించింది. మైకులో ఎవరో పాడుతున్నారు, పాటకు మధ్యమధ్య ‘జిల్లా మాది’ అని జనం అందుకుంటున్నారు. రోడ్డు ఇవతల పున్నమ్మ టీ బంకు దగ్గర ఎప్పటిలాగే గుంపు. దీక్ష మొదలయ్యాక ఆమెకు ఒక్క నిమిషం ఊపిరి సలపడం లేదు. ప్రత్యూష చంకలో డబ్బాతో తల పైకెత్తి ఫ్లెక్సీ చూసింది. మాస్టారి బొమ్మ పక్కనే, మనిషి ఎత్తున, తన అంకె. ‘81 శాతం ప్రజల గుండె చప్పుడు.’  

“మేడమ్ గారొచ్చారు! జరగండి, జరగండి!” అంటూ కోటిబాబు ఎదురొచ్చాడు. సాధన సమితి కన్వీనరు, సెల్‌ఫోన్ల కొట్టు యజమాని, నలభై ఏళ్లవాడు. “మనకి లెక్క తేల్చి చెప్పింది ఈవిడేనయ్యా!” అని వెనక్కి తిరిగి చెప్పాడు. ముందు వరసలో ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఒక ముసలాయన లేచి నమస్కారం కూడా పెట్టాడు. ఆ నమస్కారానికి ప్రత్యూషకు నేలలోకి కుంగిపోవాలనిపించింది.

అతన్ని టెంటు వెనక్కి, జనరేటరు పక్కకు తీసుకెళ్లింది.

“కోటిబాబు గారూ, ఆ అంకె తప్పండీ.”

“ఏంటండీ తప్పు?”

“అది నోటితో చెప్పింది. నిన్న బాపట్లలో డబ్బా తెరిస్తే ఇరవై మూడే వచ్చింది.”

అతను నవ్వాడు. నవ్వు అయిపోయాక ఆమె మొహం చూసి మళ్లీ నవ్వబోయి ఆగిపోయాడు. “చీటీలు ఎవరో మార్చేసుంటారు. బాపట్లలో తెరిచానంటున్నారు కదా. వాళ్లు ఊరుకుంటారా?”

“తాళం చెవి మూడు నెలల నుంచీ నా మెడలోనే ఉందండీ.”

కోటిబాబు జేబులోంచి ఫోన్ తీసి, వెనక కవరు ఊడదీశాడు. అందులోంచి ఒక తెల్ల చీటీ తీసి ఆమె కళ్ల ముందు పెట్టాడు. “ఇదిగో. నా దగ్గర మిగిలింది ఇది. అంటే డబ్బాలో ఏసింది ఏంటి? గులాబీ. దేవుడి పటంలాగా దాచుకున్నాను. మా నాన్న పొలం కాగితంలో పేరు తప్పు పడితే సరిచేయించడానికి బాపట్ల పదకొండు సార్లు తిరిగాను మేడమ్. రెండు బస్సులు మారాలి. పన్నెండోసారి పోయేలోపు ఆయనే పోయాడు. నాది ఉత్తుత్తి ఉద్యమం అంటారా?”

“అనను. ఆ ఇరవై ముగ్గురిలో మీరున్నారు. మీ బాధ నిజం.”

“మరి మిగతావాళ్లు? పొద్దస్తమానం నా మొహం మీద జిందాబాద్ కొట్టేవాళ్లు?”

“ఆ రోజు అందరినీ ఇంకో ప్రశ్న కూడా అడిగానండీ. మీ ఊళ్లో నూటికి ఎంతమంది జిల్లా మారాలంటున్నారని మీరనుకుంటున్నారు అని. దాదాపు అందరూ తొంభై అన్నారు. తెల్ల చీటీ వేసినవాళ్లు కూడా అదే చెప్పి ఉండాలి, లేకపోతే అంత రాదు. ఎవరికి వాళ్లు ఊళ్లో నేనొక్కణ్ణే ఇలా ఉన్నానేమో అనుకుంటున్నారు. కాదంటే పక్కింటివాళ్లు మాట్లాడరేమోనని నోటితో అవునంటున్నారు. ఆ అవును విని పక్కింటివాళ్లు కూడా అవునంటున్నారు.”

“ఇట్టాంటిది మా ఊళ్లోనే ఉందా?”

“అన్నిచోట్లా ఉంది. టీవీలో కులం గురించో, రాజధాని గురించో నలుగురు కూర్చుని అరుస్తారు. చూసేవాళ్లు జనమంతా అంత గట్టిగానే ఉన్నారనుకుని, తమకున్న అనుమానం మింగేస్తారు. అవతలివాళ్లు మనల్ని ఎంత ద్వేషిస్తున్నారని అడిగితే, ఉన్నదానికి రెండింతలు చెబుతారు. కొలిచిన ప్రతిచోటా ఇదే కనిపిస్తోంది. ఇక్కడ మాత్రం దాని మీద ఒక మనిషి ప్రాణం పెట్టాడు. అది నావల్ల జరిగింది.”

కోటిబాబు తెల్ల చీటీని మళ్లీ ఫోన్ కవరులో పెట్టుకున్నాడు. “చీటీ దొంగచాటు మాటండీ. మనిషన్నాక నలుగురిలో చెప్పిందే మాట.”

“ఓటు కూడా తెర చాటునే వేస్తాం కదండీ.”

 అతను జనరేటరు వైపు తిరిగాడు. “మాస్టారికి చెప్పద్దు మేడమ్. ఈ స్థితిలో వింటే గుండె ఆగిపోద్ది” అన్నాడు. ఆ గొంతులో బతిమాలడమే ఉంది.

“చెప్పకపోతే కిడ్నీలు ఆగిపోతాయి. డాక్టరు గారు ఏమన్నారో మీకూ తెలుసు.”

తెలుసు. పొద్దున వచ్చి చూసిన డాక్టరు, ఇంకో రోజుకు తను పూచీ కాదని తెగేసి చెప్పి వెళ్లాడు. నాలుగింటికి పోలీసులు వచ్చి మాస్టారిని ఆస్పత్రికి ఎత్తుకుపోతారని కబురు. ఎత్తుకుపోతే సూది కూడా గుచ్చనివ్వనని ఆయన నిన్నే మైకులో చెప్పాడు. పిల్లకాయలేమో వ్యాను ముందు పడుకుంటామని కూర్చున్నారు. ఎటు చూసినా దారి మూసుకుపోయి ఉంది.

“అయిదు నిమిషాలు” అన్నాడు కోటిబాబు.

వేదిక మీద పరుపు, పరుపు చుట్టూ మూడువైపులా గుడ్డ కట్టారు. లోపల మాస్టారు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ప్రత్యూష చివరిసారి చూసినప్పుడు ఆయన బుగ్గలు నిండుగా ఉండేవి. ఇప్పుడు చెంపల ఎముకలు తేలి, పెదవులు ఎండి పగిలి, నోటి నుంచి మగ్గిన పండు లాంటి వాసన వస్తోంది. తలాపున ఆయన భార్య జయలక్ష్మి గారు స్టూలు మీద కూర్చుని ఉంది. ఒళ్లో ఎర్ర ఫ్లాస్కు. అందులో నిమ్మరసం. దీక్ష విరమించేటప్పుడు తాగించాలి కదా, ఏ క్షణాన మనసు మారుతుందోనని ఆవిడ తొమ్మిది రోజులుగా పొద్దున్నే తాజాగా పిండి తెస్తోంది, సాయంత్రం మురిక్కాలవలో పారబోస్తోంది.

“అంకెలు చెప్పినదానివి. ఇవాళ ఏ అంకె తెచ్చావమ్మా?” అంది జయలక్ష్మి గారు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ప్రత్యూషకు.

ఆమె పరుపు పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. మాటలు రైల్లోనే కూర్చుకుని వచ్చింది. ఒక్కటీ మిగల్లేదు. “మాస్టారూ, నేను తప్పు చేశానండీ. డబ్బా తెరవకుండా మీకు చెప్పాను. అది జనం మనసులో మాట కాదు. నాకు తెలిసి కూడా... మీరు అడిగారన్న సంతోషంలో చెప్పేశాను.” 

“ఎంత?” అన్నాడు ఆయన కళ్లు తెరవకుండానే.

“ఇరవై మూడు.”

మాస్టారి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుని ప్రత్యూష ఆయన చెయ్యి పట్టుకుంది. కాదు, నవ్వుతున్నాడు. శబ్దం తీసే ఓపిక లేక నవ్వు ఛాతీలోనే కొట్టుకుంటోంది.

“జయా, నా కళ్లజోడు పెట్టె ఇటివ్వు.”

ఆవిడ దిండు కింద నుంచి తీసి ఇచ్చింది. ఆయన వేళ్లకు మూత రాలేదు. ప్రత్యూషే తీసింది. అద్దాలు తుడుచుకునే గుడ్డ ముక్క కింద నాలుగు మడతల కాగితం ఒకటి ఉంది. విప్పింది.

గులాబీ చీటీ.

కోటిబాబు దగ్గర మిగిలింది తెల్లది. ఈయన దగ్గర మిగిలింది గులాబీ. అంటే డబ్బాలో ఈయన వేసింది... ప్రత్యూష ఆ కాగితం ముక్కను చూస్తూనే ఉండిపోయింది.

“లాటరీలో మా ఇల్లు కూడా తగిలింది కదా” అన్నాడు మాస్టారు. ఒక్కో మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు. “నువ్వు గోడవైపు తిరిగి మా క్యాలెండరు చూస్తున్నావు. నీ వెనక నేను ఎంతసేపు తీసుకున్నానో గుర్తుందా?”

“చాలాసేపండీ. మీకు చీటీ జారిపోయిందేమో అనుకున్నాను.”

“నాకు బాపట్ల అయితే ఏంటి, తెనాలి అయితే ఏంటమ్మా? మొన్న బాపట్ల జిల్లా కొత్తగా పెట్టినప్పుడేగా కార్డుల మీద జిల్లా పేరు మార్చుకోవడానికి జనం క్యూల్లో నిలబడి చచ్చారు. మళ్లీనా? మన డ్రెయిన్లలో పూడిక తీస్తే చాలదా, ఏ కలెక్టరు తీయిస్తే ఏం? అనిపించింది. తెల్లది వేశాను. నోటితో మాత్రం నీకు గట్టిగానే చెప్పాను. గది బయట హాల్లో కమిటీవాళ్లు కూర్చుని ఉన్నారు మరి.”

“మరి దీక్షకు ఎందుకు కూర్చున్నారండీ!” ప్రత్యూష గొంతు లేచింది. జయలక్ష్మి గారు గుడ్డ వైపు చూసి, పెదవుల మీద వేలు పెట్టింది.

“ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో ఏ గొడవకైనా నన్ను ముందు నిలబెట్టారు. కాలేజీ కోసం నిలబడ్డాను, తుఫాను సాయం కోసం నిలబడ్డాను. ఈసారి కూడా వచ్చారు. మాస్టారు లేకపోతే పని కాదన్నారు. కాదనడానికి నోరు రాలేదు. అందుకే నీకు ఫోన్ చేశాను.” ఆయన కళ్లు తెరిచి ఆమెను చూశాడు. “నేను అంకె ఎందుకు అడిగాననుకున్నావు? నువ్వు ముప్పై అంటావని. ముప్పై అంటే వాళ్లకు చూపించి, ‘జనం లేరయ్యా, వదిలెయ్యండి’ అని తప్పుకుందామని. నువ్వు ఎనభై ఒకటన్నావు.”

ప్రత్యూషకు ఏడుపు కూడా రాలేదు. తను తప్పు అంకె చెప్పి ఒక పట్టుదల మనిషిని చావుకు ఎగదోశాననుకుని వచ్చింది. అదే నయం. తను చేసింది ఇంకా ఘోరం. పారిపోవడానికి దారి వెతుక్కుంటున్న మనిషి మొహం మీద తలుపు వేసింది. జన్మలో ఇంకొక్క లెక్క వెయ్యకూడదనిపించింది. ఇప్పుడేం లాభం?

“ఇప్పుడు లేవండి మాస్టారూ. మీ కాళ్లు పట్టుకుంటాను. నేను తప్పు చెప్పానని మైకులో నేనే ఒప్పుకుంటాను. మీరు రసం పుచ్చుకోండి.”

“నాకై నేను లేస్తే ఆకలికి ఆగలేక లేచాడంటారు. లేకపోతే అమ్ముడుపోయాడంటారు.” ఆయన ఆగాడు. “వాళ్లు అనేదానికి కాదులే. నిజం చెబుతున్నాను, నాకు భయం. డెబ్బై ఒక్క ఏళ్లొచ్చి, చావంటే లేని భయం నలుగురి ముందు కాదనడానికి ఉంది. ఒక్కరు చెప్పనీ. ఈ టెంటులో కూర్చున్నవాళ్లలో ఒక్కరు లేచి, నేను వేసింది తెల్ల చీటీ అని నోటితో చెప్పనీ. ఆ వెనక నేను చెబుతాను. జయ చేతి రసం తాగుతాను.”

“నేను చెబుతానండీ. ఇప్పుడే పోయి చెబుతాను” అంది జయలక్ష్మి గారు లేచి.

“మొగుడి ప్రాణం కోసం పెళ్లాం చెప్పిందంటారు. అది లెక్కలోకి రాదు.” ప్రత్యూష వైపు తిరిగాడు. “నా చీటీ సంగతి నువ్వు చెప్పకు. నాది నేనే చెప్పుకోవాలి. ఒక్కరినమ్మా. ఎక్కువ అడగడం లేదు.”

ఆయన గులాబీ చీటీని గుప్పిట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

ఒక్కరు! నూటికి డెబ్బై ఏడుగురున్న చోట ఒక్కరు దొరకరా అని మీరూ నేనూ అనుకుంటాం. ప్రత్యూష కూడా అలాగే అనుకుని బయటికొచ్చింది. రెండో వరసలో బట్టల కొట్టు కనకరత్నం గారు కనిపించింది. సర్వే రోజున తలుపు దాకా వచ్చి, “ఈ జిల్లా గోలేంటమ్మా, చీరాల నుంచి రావాల్సిన సరుకు బందుల వల్ల రావట్లేదు” అని గుసగుసగా చెప్పిన మనిషి. ప్రత్యూష పక్కన కూర్చుని సంగతి చెప్పింది. ఆవిడ కళ్లనిండా నీళ్లు తిరిగాయి.

“మాస్టారు మా పిల్లలకి చదువు చెప్పారమ్మా. ఆయన బతకాలి. కానీ అందరి ముందా? రేపటి నుంచి మా కొట్టు గడప ఎవరు తొక్కుతారు? వేరేవాళ్లని అడుగు తల్లీ.”

సర్వేలో కలిసిన వేరేవాళ్లని అడిగింది. కనకరత్నం గారికి చెల్లెలి వరసైన ఆయుర్వేదం డాక్టరమ్మ, మెడికల్ షాపు అజయ్ బాబు, రిటైరైన పోస్టుమాస్టరు. అందరూ చెవిలో ఒకటే చెప్పారు. తమదీ తెల్లదేనట. చెప్పాలంటే మాత్రం ఇంకెవరైనా మొదలుపెట్టాలట. ఇంకెవరైనా అన్న ఆ మనిషి రేపల్లెలో ఎక్కడుంటాడో ఏ సర్వేకూ అందడు.

మూడున్నరకు పోలీసు వ్యాను వచ్చి బస్టాండు మలుపులో ఆగింది. కుర్రాళ్లు నినాదాలు పెంచి రోడ్డు మీదికి నడిచారు. ప్రత్యూష వేదిక ఎక్కి పాడుతున్నతని చేతిలోంచి మైకు తీసుకుంది. అడగలేదు, తీసుకుంది.

“నేను ప్రత్యూషనండీ. పైన ఫ్లెక్సీ మీద ఉన్న అంకె నాది. అది తప్పు.”

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక వెనక నుంచి ఎవడో “ఎంతకి అమ్ముడుపోయావు?” అని అరిచాడు. ఇంకో నలుగురు అందుకున్నారు. కోటిబాబు వేదిక మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ఒక్క అడుగు వేస్తే మైకు లాక్కోవచ్చు. అతను వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదో ఆ తర్వాత చాలాకాలం అతనికే తెలియలేదు.

ప్రత్యూష మెడలో తాళం చెవి తీసి, డబ్బా తెరిచి, వేదిక మీద బోర్లించింది. తెల్ల చీటీలు కుప్పగా పడ్డాయి. అక్కడక్కడా గులాబీవి కనిపించాయి.

“ఇవన్నీ మీవే. ఏది ఎవరిదో నాకు తెలియదు, ఎప్పటికీ తెలియదు. ఎవరినీ పేరు పెట్టి అడగను. కానీ తెల్లవే ఎక్కువ ఉన్నాయి, చూడండి. పక్కవాళ్లు ఏమనుకుంటారోనని మీరు భయపడుతున్నారు. ఆ పక్కవాళ్లు కూడా ఇదే వేశారండీ. లోపల ఒక మనిషి పోతున్నాడు. ఒక్కరు లేచి చెప్పండి. గులాబీ చీటీ ఇంట్లో మిగిలిపోయినవాళ్లు ఒక్కరు!”

ఎవరూ లేవలేదు. కనకరత్నం గారు తల దించుకుంది. అజయ్ బాబు ఫోను చూసుకుంటున్నాడు.   ప్రత్యూష, “అయ్యా, దణ్ణం పెడతాను. ఒక్కరు” అంది. అది అడగడం కూడా కాదు, ముష్టెత్తడం. మలుపులో వ్యాను ఇంజను మళ్లీ స్టార్టయింది.

రోడ్డు అవతల పున్నమ్మ స్టవ్ ఆపేసింది.

టీ కోసం నిలబడినవాళ్లు ఏమైందన్నట్టు చూశారు. ఆమె కొంగుకు చేతులు తుడుచుకుని, టీపొడి డబ్బా అందుకుంది. ఆ డబ్బా మూత వదులు. ఊడిపోకుండా దాని అంచుకు ఒక కాగితం మడిచి చుట్టి ఉంది. గోటితో గీకి దాన్ని ఊడదీసింది. టీ మరకలతో సగం గోధుమరంగుకు తిరిగినా, అది గులాబీ కాగితమేనని అందరికీ తెలుస్తూనే ఉంది. రోడ్డు దాటి, కుర్రాళ్లను మోచేత్తో తోసుకుంటూ వేదిక దాకా వచ్చింది.

“మైకు అక్కర్లేదులేమ్మా, నా గొంతు చాలు” అని జనం వైపు తిరిగింది. “ఇది నాది. నా కాడ మిగిలింది. తెల్లది ఆ డబ్బాలో ఏశాను, కళ్లకద్దుకుని మరీ ఏశాను. మీరు కూసున్నందువల్ల నాకు బేరాలు బాగున్నాయి, అందుకే నోరు మూసుకున్నాను. సిగ్గులేని బతుకు. నాకు జిల్లా మారక్కర్లేదయ్యా. మా మాస్టారు బాబాయిగారు బతకాలి. ఏం చేసుకుంటారో చేసుకోండి.”

టెంటులో గాలి కదిలినట్టయింది. రెండో వరసలో కుర్చీ ఒకటి కిర్రుమంది. కనకరత్నం గారు లేచి నిలబడింది.  ఆవిడ పక్కన పోస్టుమాస్టరు. ఆయన వెనక ఇంకెవరో. కోటిబాబు మెట్టు మీద కూలబడి మొహం చేతుల్లో దాచుకున్నాడు.

ప్రత్యూష మైకు వదిలేసి గుడ్డ తోసుకుంటూ లోపలికి పరుగెత్తింది. “మాస్టారూ! చెప్పారండీ! పున్నమ్మ చెప్పింది!”

జయలక్ష్మి గారు అప్పటికే ఫ్లాస్కు మూతలో రసం పోసి ఆయన పెదవులకు ఆనించి ఉంది. రసం లోపలికి పోవడం లేదు. నోటి పక్కనుంచి కారి దిండు తడుస్తోంది. ఆవిడ రెండో చేత్తో ఆయన చెంపలు తడుతోంది.

“ఏవండీ, ఒకరు చెప్పారండీ. మీరు అడిగినట్టే చెప్పారండీ. వినపడిందా? ఏవండీ!”

మాస్టారి గుప్పిట విడిపోయింది. అరచేతిలో గులాబీ చీటీ ఉంది. ఆ చెయ్యి మాత్రం కదలడం లేదు.